జ్వరం తగ్గినాక ప్లేట్‌లెట్లు పడిపోయాయి, రిపోర్టులో "అటిపికల్ లింఫోసైట్లు" అని రాశారు. తెలిసినవాళ్ళు చెప్పండి

కందుకూరు_అమ్మ
అక్టోబర్ 14, రాత్రి 9:40

మా బాబుకి పదకొండేళ్ళు. డెంగీ వచ్చింది. రెండో రోజు చేయించిన ఎన్‌ఎస్‌1 (డెంగీ పట్టే రక్తపరీక్ష) పాజిటివ్. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయింది, ఐదో రోజు పొద్దున్నే చల్లబడింది. హమ్మయ్య అనుకున్నాం. ఆ సాయంత్రమే ప్లేట్‌లెట్లు 64 వేలకి దిగాయి, కడుపునొప్పి అన్నాడు, రాత్రికి రాత్రి అడ్మిట్ చేశారు. సెలైన్ పెట్టారు. ఇవాళ ఎనిమిదో రోజు. ఇంటికొచ్చేశాం, చారన్నం తింటున్నాడు, దేవుడి దయ.

నా అనుమానాలు రెండు. జ్వరం తగ్గినాక ఒంట్లో పరిస్థితి దిగజారడమేంది? రెండోది, ఆ రోజు రిపోర్టులో తెల్లకణాలు 2,900, దాని కింద "అటిపికల్ లింఫోసైట్లు కనిపించాయి" అని ఉంది. అడిగితే "అవి ఉంటాయిలేమ్మా" అన్నారు. వార్డు నిండా పిల్లలే, నిలబెట్టి అడిగే పరిస్థితి కాదు. మా ఆడపడుచు నెట్‌లో వెతికి, ఆ మాటకి క్యాన్సర్ అని కూడా వస్తోందని ఫోన్ చేసింది. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. చుట్టాలేమో "పిల్లోడికి ఇమ్యూనిటీ లేదు, అందుకే" అని పొడుల డబ్బాలు తెచ్చిపెడుతున్నారు. నిజంగా మావాడికి ఇమ్యూనిటీ తక్కువా?

రక్తపుచుక్క_ఒంగోలు
అక్టోబర్ 14, రాత్రి 10:25

అక్కా, ముందు ప్రశాంతంగా పడుకోండి. నేను పదిహేనేళ్ళుగా ల్యాబ్‌లో స్లైడ్లు చూస్తున్నా. డెంగీలో ఆ కణాలు మామూలే.

లింఫోసైట్ అంటే తెల్లకణాల్లో ఒక రకం. ఊరికే ఉన్నప్పుడు చిన్నగా, గుండ్రంగా, దాదాపు అంతా కేంద్రకమే ఉంటుంది. వైరస్ వచ్చిందని కబురు అందాక అది లావెక్కుతుంది. లీష్మన్ రంగు వేసి చూస్తే చుట్టూ నీలం పదార్థం పరుచుకుని, పక్కనున్న ఎర్రకణాల మీదికి అంచు వంచుకుని కనిపిస్తుంది. మామూలు ఆకారంలో లేదు కాబట్టి "అటిపికల్" అని రాస్తాం. పనిలో ఉన్న కణం అన్నమాట. క్యాన్సర్ కణం రూపు వేరు, దాన్ని చూస్తే మేము ఆ ఒక్క మాటతో వదిలేయం, పెద్ద డాక్టరుకి స్లైడ్ పంపిస్తాం.

తెల్లకణాలు 2,900కి దిగడం కూడా డెంగీ మొదటి వారంలో రోజూ చూసేదే. మీవాడి ఒంట్లో సైన్యం లేకపోవడం కాదు, పనిలోకి దిగిందని ఆ రిపోర్టు చెబుతోంది.

జువాలజీ_మాస్టారు
అక్టోబర్ 15, ఉదయం 6:15

అమ్మా, కావలిలో ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఈ పాఠం చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఒక్కో కణానికి ఒక్కో పేరా ఉంటుంది. పిల్లలు పేర్లు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునేవాళ్ళు. ఒకదాని మాట ఇంకోటి ఎలా వింటుందన్నది మాత్రం చాలామందికి అందేది కాదు. అసలు సంగతంతా అక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

డెంగీలో దోమ కుట్టిన చోట, చర్మంలోనే కథ మొదలు. అక్కడ కొమ్మలు కొమ్మలుగా ఉండే కాపలా కణాలుంటాయి, డెండ్రైటిక్ కణాలంటాం. డెంగీ వైరస్ ముందుగా దూరేవాటిలో అవీ ఉంటాయి. కావలివాడి ఇంట్లోనే దొంగ పడ్డట్టు. వైరస్ దూరిన కణం చచ్చేలోపు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ని బయటికి వదులుతుంది. దానివల్ల తనకి ఒరిగేది పెద్దగా ఉండదు. చుట్టుపక్కల కణాలకి అది దండోరా. విన్న కణాలు తమ లోపల ప్రోటీన్ల తయారీని తగ్గించుకుని, వైరస్ వచ్చినా నకళ్ళు తీసుకోలేని స్థితికి వెళ్తాయి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే ఇద్దరు కోడిగుడ్డు పొరల మీద పనిచేస్తూ దీన్ని పట్టుకున్నారు.

మీవాడికి ఒళ్ళు నలిపేసినట్టు నొప్పులు వచ్చాయా? అందులో పెద్ద వాటా ఈ దండోరాదే. ఒకప్పుడు హెపటైటిస్ సీ రోగులకి ఇంటర్‌ఫెరాన్‌ని మందుగా ఇంజెక్షన్ చేసేవాళ్ళు. కొత్తగా ఏ వైరస్సూ సోకకపోయినా ఆ రాత్రికి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చేవి.

ఈ దండోరా వైరస్‌ని ఆపదు, నెమ్మదింపజేస్తుంది. నాలుగైదు రోజుల గడువు సంపాదించిపెడుతుంది. ఎందుకా గడువంటే, లింఫోసైట్లలో టీ కణాలని ఒక రకం, వాటిలో ఫలానా వైరస్‌ని గుర్తుపట్టగలది లక్షకో పది లక్షలకో ఒకటి ఉంటుంది. ఆ ఒక్కదాన్ని వెతికి పట్టుకోవాలి. కాపలా కణం వైరస్ తునకని మోసుకుని చర్మం నుంచి లింఫు గ్రంథికి నడుస్తుంది. చంకలో, గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళే. టీ కణాలు గుంపులు గుంపులుగా ఆ దారిన పోతూ ఆ తునకని తడిమి చూస్తాయి. సరిపోయింది దొరికితే ఆగిపోతుంది, రోజుకి రెండు మూడు సార్లు రెట్టింపవుతుంది. మూడేసి సార్లు లెక్కేసినా ఐదు రోజుల్లో ఒకటి 32 వేలు దాటుతుంది. బిళ్ళ ఉబ్బేది అందుకే.

మిగతాది సాయంత్రం రాస్తాను.

బైపీసీ_సెకండియర్
అక్టోబర్ 15, మధ్యాహ్నం 1:05

సార్, మాది మార్కాపురం. నాకొక డౌట్. లింఫోసైట్లలో ఇంకో రకమైన బీ కణానికి కూడా వైరస్‌ని గుర్తుపట్టే గ్రాహకం ఉంటుంది కదా. మరి అది నేరుగా యాంటీబాడీలు, అంటే వైరస్‌కి అతుక్కునే ప్రోటీన్లు, తయారుచేసేయొచ్చుగా, సహాయక టీ కణం ఒప్పుకోవాలని పుస్తకంలో ఎందుకుంది? మధ్యలో ఆలస్యం కాదా? మా క్లాసులో అడిగితే "సిలబస్‌లో లేదు" అన్నారు.

జువాలజీ_మాస్టారు
అక్టోబర్ 15, సాయంత్రం 7:30

తల్లీ, ఎంత మంచి ప్రశ్న అడిగావు. అవును, ఆలస్యమే. కావాలని పెట్టుకున్న ఆలస్యం.

బ్యాంకు లాకర్‌కి రెండు తాళంచెవులు ఉంటాయి చూడు, ఒకటి మనది, ఒకటి బ్యాంకుది. బీ కణం పొరపాటున మన సొంత ప్రోటీన్‌నే పరాయిదనుకుంటే? ఒక్క చెవితో తెరుచుకునే ఏర్పాటైతే ఆ పొరపాటు మన కీళ్ళ మీద, మూత్రపిండాల మీద పడుతుంది. అందుకని బీ కణం తాను పట్టుకున్న వైరస్‌ని లోపలికి మింగి, తునకలు చేసి, పైకి తెచ్చి సహాయక టీ కణానికి చూపిస్తుంది. ఆ టీ కణం అప్పటికే కాపలా కణం దగ్గర అదే వైరస్ తునకని చూసి ఉంటే అప్పుడు "కానివ్వు" అంటుంది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యం ఒకటే అయితేనే పని మొదలు. అనుమతి దొరికిన బీ కణాల్లో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి సెకనుకి వేల యాంటీబాడీలు వదులుతాయి. మిగతావి బిళ్ళలోనే ఉండి తమ గ్రాహకాన్ని మార్చి మార్చి ఇంకా బాగా అతుక్కునేదాన్ని వెతుక్కుంటాయి. మళ్ళీ మళ్ళీ టీ కణం ముందు పరీక్షకి నిలబడాల్సిందే.

ఆ టీ కణాలకీ శిక్షణ ఉంది. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి. 1961 దాకా అది ఎందుకుందో ఎవరికీ తెలియదు, జాక్ మిల్లర్ ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూస్తే తెలిసింది. అందులో తయారైన టీ కణాల్లో నూటికి ఐదు కూడా బయటికి రావు. పనికిరానివి, సొంత ఒంటి మీదికే తిరిగేవి అక్కడే అంతమవుతాయి.

ఇక సంహారక టీ కణం. యాంటీబాడీ రక్తంలో తిరిగే వైరస్‌ని పట్టుకుంటుంది గానీ కణం లోపలికి వెళ్ళలేదు. లోపల నక్కినదాన్ని ఎవరు పట్టాలి? మన ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రోటీన్ల తునకల్ని ఎప్పటికప్పుడు గుమ్మంలో పెట్టి చూపిస్తుంది. అందులో వైరస్ తునక కనిపిస్తే సంహారక కణం ఆ గోడకి చిల్లుపెట్టి, కణాన్ని లోపల్నుంచే చచ్చేలా చేస్తుంది. ఆ గుమ్మం మన సొంతదై ఉండాలని, పరాయి మనిషి కణమైతే ఈ గుర్తింపు కుదరదని కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ 1970లలో తేల్చారు. 1996లో నోబెల్ వచ్చింది. డోహర్టీ పశువైద్యం చదివినాయన! అంతకుముందు ఎడిన్‌బరోలో గొర్రెల మెదడు జబ్బు మీద పనిచేశాడు. ఆ జబ్బు తెచ్చే వైరస్ కూడా డెంగీ కుటుంబానిదే.

కొన్ని వైరస్‌లు తెలివిగా ఆ గుమ్మాన్నే మూయించేస్తాయి. అప్పుడు సహజ సంహారక కణాలు వస్తాయి. వాటి లెక్క వేరు: గుమ్మం మూసి ఉన్న ఇల్లే అనుమానం.

విడవలూరు_చెరువులు
అక్టోబర్ 15, రాత్రి 9:10

అయ్యోరా, మీరు రాసింది మూడుసార్లు చదివినా. మా బతుకంతా వైరస్‌తోనే. మా నాయన 1995 ప్రాంతంలో టైగర్ రొయ్య వేసినప్పుడు తెల్లమచ్చ తగిలింది. పొద్దున చూస్తే గట్టు పొడుగునా ఎర్రబారి తేలినాయంట. ఇప్పుడు వెనామీ వేస్తున్నాం, జబ్బు మాత్రం అదే. కోళ్ళకి టీకాలు ఉండాయి, గొర్రెలకి ఉండాయి, రొయ్యకి మాత్రం ఇన్నేళ్ళైనా టీకా ఎందుకు రాలేదు? మందుల షాపుల్లో "ఇమ్యూనిటీ పెంచేది" అని మేతలో కలిపేవి అమ్ముతుండారు. ఏడాదికి దానికే ఎంత పోస్తున్నామో.

జువాలజీ_మాస్టారు
అక్టోబర్ 15, రాత్రి 10:00

నాయనా, మీ ప్రశ్నకి జవాబు ఇంతసేపూ నేను రాసినదాంట్లోనే ఉంది, నాకే తట్టలేదు. రొయ్యకి టీ కణాలు లేవు. బీ కణాలు లేవు. యాంటీబాడీలు లేవు. వెన్నెముక లేని జీవుల్లో, శత్రువుని గుర్తుపెట్టుకునే ఈ రెండో అంచె రక్షణ ఏర్పడనే లేదు. టీకా అంటే ఫలానా శత్రువుని గుర్తుపెట్టుకునే కణాల్ని ముందే పెంచిపెట్టుకోవడం. ఆ కణాలే లేనిచోట మన టీకా లాంటిది ఎవరికని ఇస్తాం?

అలాగని రొయ్య ఒట్టిదీ కాదు. దాని నీలిరంగు రక్తంలో హీమోసైట్లు అనే కణాలున్నాయి, పరాయి వస్తువుని చుట్టుముట్టి నల్లటి పదార్థంతో కప్పేస్తాయి. గాయమైన చోట డొప్ప నల్లబడటం మీరు చూసే ఉంటారు. వైరస్ ఆర్‌ఎన్‌ఏని తుంచే ఏర్పాటూ ఉంది. తెల్లమచ్చ వైరస్ ఆ వేగానికి అందదు, మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా పోతుంది. అందుకే మీకు వైరస్‌ని లోపలికి రానీయకపోవడమే మార్గం: వైరస్ లేదని పీసీఆర్ పరీక్ష చేసిన సీడు (రొయ్యపిల్లలు), పీతలు రాకుండా కంచె, పైన పక్షుల వల, నీళ్ళు శుద్ధి చేసి వదలడం. డబ్బు ఖర్చు పెడితే వాటి మీద పెట్టండి.

విడవలూరు_చెరువులు
అక్టోబర్ 15, రాత్రి 10:20

ఇన్నాళ్ళకి ఒకరు అర్థమయ్యేట్టు చెప్పినారు. పీతల కంచె పోయిన పంటలో చిరిగిపోతే బాగుచేయకుండా వదిలేసినాం. రేపే మనిషిని పెడతా.

ఉదయగిరి_గొర్రెలు
అక్టోబర్ 16, ఉదయం 5:50

గొర్రెల మాట వచ్చింది గాబట్టి నేనూ ఒకటి అడుగుతా. గొర్రెపిల్ల పుట్టీ పుట్టగానే జున్నుపాలు తాగకపోతే నిలవదని మా తాతల కాలం నుంచి అంటారు. మొదటి రోజు తాగనిది ఎంత మేపినా ఏదో ఒక జబ్బుతో పోతుంది. ఇది కూడా ఈ కణాల సంగతేనా?

జువాలజీ_మాస్టారు
అక్టోబర్ 16, ఉదయం 6:40

అచ్చంగా అదే. మనుషుల్లో తల్లి యాంటీబాడీలు మాయ గుండా కడుపులో ఉండగానే బిడ్డకి వెళ్తాయి. గొర్రెలో, ఆవులో ఆ మాయ దళసరి, దాటలేవు. తల్లి కణాలు తయారుచేసినదంతా జున్నుపాలలోకి దిగుతుంది. పిల్ల పేగు దాదాపు ఒక రోజు పాటే ఆ యాంటీబాడీల్ని యథాతథంగా రక్తంలోకి పోనిస్తుంది, ఆ తర్వాత దారి మూసుకుంటుంది. మీ తాతలు చెప్పింది అక్షరాలా నిజం.

ఇంకో సంగతి. ఆ తల్లి యాంటీబాడీలు పిల్లలో ఉన్నంతకాలం టీకాని కూడా అణిచేస్తాయి. గొర్రెలకి వచ్చే పీపీఆర్ జబ్బు టీకాని మూడు నెలలు దాటాక వేయమనేది, మన పిల్లలకి తట్టు టీకాని తొమ్మిది నెలల దాకా ఆపేది ఇందుకే.

వార్డు_నర్సక్క
అక్టోబర్ 16, మధ్యాహ్నం 3:15

నైట్ డ్యూటీ చేసొచ్చి ఇప్పుడు చదివాను. కందుకూరు అమ్మా, మీ మొదటి ప్రశ్నకి ఎవరూ సూటిగా చెప్పలేదు, నేను చెబుతా. జ్వరం దిగే వేళకి రక్తంలో వైరస్ తగ్గిపోతూ ఉంటుంది. మాస్టారు చెప్పిన టీ కణాలు, వాటి రసాయన కబుర్లు మాత్రం అప్పుడే ముమ్మరంగా ఉంటాయి. ఆ కబుర్లు, వైరస్ వదిలిన ఎన్‌ఎస్‌1 ప్రోటీన్ కలిసి రక్తనాళాల గోడని వదులు చేస్తాయి. నీరు బయటికి ఊరుతుంది, రక్తం చిక్కబడుతుంది, ప్లేట్‌లెట్లు పడతాయి. కడుపునొప్పి దాని గుర్తే. మీరు ఆ సాయంత్రమే తీసుకెళ్ళడం చాలా మంచి పని. కొందరు జ్వరం తగ్గిందని బడికి పంపేసి, చేతులూ కాళ్ళూ చల్లబడ్డాక తెస్తారు. ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మగత, ఒంటేలు తగ్గడం, వీటిలో ఏది కనబడినా గంట కూడా ఆగొద్దు. నొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించొద్దు. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏవీ వద్దు, రక్తస్రావం అవుతుంది.

ఒకసారి వచ్చింది గదా, ఇక రాదులే అనుకోకండి. డెంగీలో నాలుగు రకాలున్నాయి. వచ్చిన రకం మళ్ళీ రాకపోవచ్చు, ఇంకో రకం వస్తే మొదటిసారి కంటే గట్టిగా ఉండొచ్చు.

బైపీసీ_సెకండియర్
అక్టోబర్ 16, సాయంత్రం 5:00

అక్కా, అది ఎలా? జ్ఞాపక కణాలుంటే రెండోసారి తేలికవ్వాలి కదా!

జువాలజీ_మాస్టారు
అక్టోబర్ 16, సాయంత్రం 8:05

సాధారణంగా అంతే. ఫారో దీవుల్లో 1846లో తట్టు వ్యాపించినప్పుడు పానుమ్ అనే యువ వైద్యుడు చూశాడు: 65 ఏళ్ళ కిందట, 1781లో తట్టు వచ్చిన ముసలివాళ్ళకి ఒక్కరికీ మళ్ళీ రాలేదు. మధ్యలో ఆ దీవుల్లో తట్టే లేదు. అంటే ఆ జ్ఞాపకం అన్నేళ్ళు దానంతట అదే నిలిచింది.

డెంగీలో చిక్కేమిటంటే, మొదటి రకానికి చేసిన యాంటీబాడీ రెండో రకానికి అతుక్కుంటుంది గానీ దాన్ని చంపేంత బిగువుగా అతుక్కోదు. యాంటీబాడీ తగిలించుకున్నదేదైనా మింగేయడం భక్షక కణాల అలవాటు. డెంగీ వైరస్ పెరిగేది ఆ భక్షక కణాల్లోనే! పట్టించాల్సిన చెయ్యే తలుపు తీసి లోపలికి పంపినట్టవుతుంది. 1960లలో బ్యాంకాక్‌లో పిల్లల కేసులు పరిశీలించి స్కాట్ హాల్‌స్టెడ్ దీన్ని గమనించాడు. రెండోసారి వచ్చినవాళ్ళతో పాటు, డెంగీ వచ్చిపోయిన తల్లుల పసిబిడ్డల్లో కూడా జబ్బు తీవ్రంగా ఉండేది. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు పలచబడే నెలల్లో.

చీమకుర్తి_కుర్రోడు
అక్టోబర్ 16, రాత్రి 9:30

అంతా బానే ఉంది. ఇమ్యూనిటీ పెంచుకోవడం అనేది ఉందా లేదా? కరోనాలో మా ఇంట్లో ఆరుగురం రోజూ మిరియాల కషాయం తాగాం, ఎవరికీ ఏం కాలేదు. 2021 మే నెలలో కృష్ణపట్నం రోడ్డు మీద మందు కోసం ఎన్ని వేలమంది నిలబడ్డారో మీకూ తెలుసు. వాళ్ళందరూ తెలివితక్కువ వాళ్ళా?

వార్డు_నర్సక్క
అక్టోబర్ 17, ఉదయం 7:20

కాదు తమ్ముడూ, ఆ మాట నేనెప్పుడూ అనను. ఆ మే నెలలో నేను వార్డులోనే ఉన్నా. ఆక్సిజన్ మంచం కోసం బయట ఆటోల్లో జనం ఎదురుచూసిన రోజులవి. ఆ భయంలో ఎక్కడ ఆశ కనబడితే అక్కడికి మనిషి వెళ్తాడు.

ఒంట్లో ఇమ్యూనిటీ అనేది ఒక డబ్బా కాదు, నిండిందా తగ్గిందా అని చూడ్డానికి. ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎవరు ఎప్పుడు ఆగాలి అన్నదే ముఖ్యం. 2020లో తేలిన విషయం: కరోనా తీవ్రమైన వాళ్ళలో నూటికి పదిమందికి పైగా తమ ఇంటర్‌ఫెరాన్‌కే వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయి. దండోరా వేసేవాడి నోరు నొక్కేసినట్టు. ఇంకొంతమందిలో రెండో వారంలో అన్ని కణాలూ ఆగకుండా పనిచేసి ఊపిరితిత్తుల్ని పాడుచేశాయి. 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధనలో, ఈ కణాల జోరుని తగ్గించే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్నవాళ్ళ చావుల్ని మూడోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి మాత్రం ఏ మేలూ చేయలేదు. ఒకే మందు, రోజు మారితే ఫలితం మారిపోయింది.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కూడా కొన్నాళ్ళు పనిచేశా. హెచ్‌ఐవీ సహాయక టీ కణాన్ని, అంటే సీడీ4 కణాన్ని, తినేస్తుంది. బీ కణాలు ఉంటాయి, సంహారక కణాలు ఉంటాయి. వాటికి కబురు చెప్పేది ఒక్కటీ తగ్గిపోతే టీబీ, నోట్లో పూత, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మందులు క్రమంగా వాడితే ఆ కణాలు మళ్ళీ పెరగడం, మంచం పట్టిన మనిషి నడుచుకుంటూ రావడం నా కళ్ళతో చూశా. "పెంచడం" అంటే నాకు తెలిసింది అది.

కషాయం తాగు, గొంతుకి హాయి. టీకా మాత్రం మానకు.

చీమకుర్తి_కుర్రోడు
అక్టోబర్ 17, మధ్యాహ్నం 12:40

అక్కా, కషాయం విషయంలో నా నమ్మకం నాది. కానీ ఆ డెక్సా మాట చదివి చాలాసేపు ఏం చేయలేకపోయా. మా చిన్నాన్నకి జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టారు, ఆక్సిజన్ 97 ఉన్నప్పుడే. మేమే అడిగాం, బలమైన మందు ఇవ్వమని. పన్నెండో రోజు పోయాడు. దానివల్లేనని నేననను. మాకు ముందే ఎవరైనా ఇట్లా చెప్పుంటే అడిగేవాళ్ళం కాదు.

వార్డు_నర్సక్క
అక్టోబర్ 17, మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, ఆ రోజుల్లో ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. మీరు ఆయన్ని బతికించుకోవాలని అడిగారు. అది మనసులో పెట్టుకుని కుమిలిపోకు.

కందుకూరు_అమ్మ
అక్టోబర్ 21, సాయంత్రం 6:30

అందరికీ నమస్కారం. ఇవాళ మళ్ళీ రక్తం ఇచ్చొచ్చాం. ప్లేట్‌లెట్లు 2,10,000. తెల్లకణాలు 6,400. అటిపికల్ లింఫోసైట్లు అన్న మాట లేదు. మీరు రాసినవన్నీ మావాడికి చదివి వినిపించా. పొడుల డబ్బాలు వెనక్కి ఇచ్చేశాను. కూలర్‌లో నీళ్ళు, మేడమీద పాత టైర్లలో నీళ్ళు పారబోశాం, తొట్టి శుక్రవారం శుక్రవారం తోముతున్నాం. రెండో రకం రాకూడదని.

మావాడు ఒకటి అడగమన్నాడు: "స్లైడ్‌లో కనిపించిన ఆ పెద్ద కణాలు ఇప్పుడు ఎక్కడికి పోయాయి?"

రక్తపుచుక్క_ఒంగోలు
అక్టోబర్ 21, రాత్రి 8:45

బాబూ, నీకే రాస్తున్నా. వాటిలో నూటికి తొంభైకి పైగా పని అవగానే తమంతట తామే చనిపోయాయి. అన్నీ అలాగే ఉండిపోతే నీ ఒంటికే చేటు. మిగిలిన కొన్ని మళ్ళీ చిన్నగా, గుండ్రంగా మారిపోయి, మామూలు లింఫోసైట్లలో కలిసి తిరుగుతున్నాయి. మైక్రోస్కోపులో చూసినా ఏది ఏదో నేను చెప్పలేను. యాంటీబాడీలు చేసే ప్లాస్మా కణాలు కొన్ని నీ ఎముకల మూలుగలోకి వెళ్ళి కూర్చున్నాయి. నువ్వు మా అంత వయసొచ్చేదాకా కూడా అవి అక్కడే ఉండొచ్చు.

ఒంగోలు వస్తే అమ్మతో మా ల్యాబ్‌కి రా. స్లైడ్ పెట్టి చూపిస్తా.